ఒక్క అంకె మారితే రిపోర్టు అంతా మళ్లీ ప్రింటు తీయాలా? ఇంజనీరింగ్ పాఠ్యప్రణాళిక పెద్దలకు బహిరంగ లేఖ

హనుమకొండ, నయీంనగర్ నుంచి

ఉత్తర తెలంగాణలోని ఇంజనీరింగ్, ఎంసీఏ కాలేజీల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, విభాగాధిపతులకు, ప్రాజెక్టు గైడ్లుగా ఉన్న సార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం.

నేను ఎంసీఏ చదివాను. 18 ఏళ్లుగా నయీంనగర్‌లో డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. మీ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసి, ప్రింటు తీసి, బైండింగ్ చేయించి ఇవ్వడం నా పని. ఏటా మార్చి నుంచి మే దాకా రాత్రి పదకొండు దాటినా మా షాపు షట్టరు దించలేం. ఆ మూడు నెలలు పిల్లలు పడే టెన్షన్ మీ దాకా రావడం లేదనిపించి ఇప్పటికి మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాను. మొదటిది ఆఫీసులో చేతికిస్తే ఇన్‌వర్డ్ ముద్ర వేసి తీసుకున్నారు. రెండోసారి వెళ్తే "మీటింగ్‌లో పెడతాం మేడం" అన్నారు. మూడోది రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగి వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను అడిగేది పెద్ద ఖర్చయ్యే పని కాదు. ప్రోగ్రాం కంపైల్ చేయడం (అంటే రాసిన ప్రోగ్రాంను కంప్యూటరు నడపగలిగే రూపంలోకి మార్చడం), గ్రాఫులు గీయించడం, రిపోర్టు తయారు చేయడం అన్నీ ఒకే కమాండుతో జరిగేలా 'మేక్' అనే పనిముట్టును మొదటి ఏడాదిలోనే నేర్పండి. ప్రాజెక్టు సమర్పణలో దాన్ని భాగం చేయండి. మేక్ గురించి మీలో చాలామందికి నాకంటే ఎక్కువే తెలుసు. కానీ ఈ లేఖ తల్లిదండ్రులు కూడా చదువుతారు, వాళ్ల కోసం రెండు మాటలు.

పప్పు వండేటప్పుడు పోపు మాడితే పోపు ఒక్కటే మళ్లీ వేస్తాం, పప్పు మళ్లీ ఉడకబెట్టం. పప్పే ఉడకలేదని తెలిస్తే ఉడకబెట్టి, ఆ తర్వాత పోపు వేస్తాం. దేని తర్వాత ఏది, దేనికి ఏది కావాలి అన్నది వంట చేసే మనిషికి తెలుసు. కంప్యూటరుకు ఆ సంగతి రాసిపెట్టే కాగితమే మేక్‌ఫైల్. అందులో తయారు కావాల్సిన ఫైలు పేరు, దానికి కావాల్సిన ఫైళ్ల పేర్లు, కింద లైనులో తయారు చేసే కమాండు రాస్తాం. మేక్ ఆ ఫైళ్లు చివరిసారి మారిన సమయాలు చూస్తుంది. తయారైన ఫైలు కంటే దానికి కావాల్సిన ఫైలు కొత్తగా ఉంటే ఆ ఒక్క మెట్టు మళ్లీ చేస్తుంది, దాని మీద ఆధారపడినవన్నీ వరసగా చేస్తుంది. మారనివాటి జోలికి పోదు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ దీన్ని రాశారు. అక్కడే పనిచేసే స్టీవ్ జాన్సన్ ఒక రోజు పొద్దున్నంతా ఒక ప్రోగ్రాంలో తప్పు వెతికి విసిగిపోయి ఆయన గదికి వచ్చారట. తీరా చూస్తే తప్పు అప్పటికే సరిదిద్దేశారు, సరిదిద్దిన ఫైలును మళ్లీ కంపైల్ చేయలేదు. పాత ముక్కతోనే ప్రోగ్రాం నడుస్తోంది. ఫెల్డ్‌మన్‌కు కూడా ముందు రోజు సాయంత్రం అదే గతి పట్టిందట. ఆ చికాకులోంచి మేక్ పుట్టింది. 2003లో ఆయనకు దీనికే కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం ఇచ్చే సాఫ్ట్‌వేర్ సిస్టం అవార్డు వచ్చింది. ఈ రోజుకీ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంకు గుండె లాంటి కెర్నెల్ తయారయ్యేది (బిల్డ్ అయ్యేది) మేక్‌తోనే. బెల్ ల్యాబ్స్‌లో అంత పెద్ద ప్రోగ్రామర్లను ఏడిపించిన ఆ తప్పే మన నర్సంపేట, పరకాల, భూపాలపల్లి పిల్లలను నా షాపు బల్ల మీద ఏడిపిస్తోంది. మందు దాదాపు యాభై ఏళ్లుగా ఉంది, ఉచితంగా ఉంది. వాళ్లకు మాత్రం అందడం లేదు.

ఇక నా కళ్లతో చూసిన విషయాలు రాస్తాను.

1. గత ఏప్రిల్‌లో ములుగు దగ్గరి ఊరి అమ్మాయి ఒకరు మిర్చి ధరల అంచనా మీద ప్రాజెక్టు చేసింది. వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతే, అందుకే ఆ అంశం ఎంచుకుంది. సబ్మిషన్‌కు ముందు రోజు డేటాలో ఒక నెల ధర తప్పుగా పడిందని గైడ్ పట్టుకున్నారు. సరిచేయమన్నారు, న్యాయమే. ఆ ఒక్క అంకె మారితే రెండు గ్రాఫులు మారాలి, ఫలితాల పట్టిక మారాలి, ముగింపులో రాసిన శాతం మారాలి, అబ్‌స్ట్రాక్టులో అదే శాతం మళ్లీ మారాలి. పైగా రిపోర్టు నాలుగు కాపీలు. ఒక్కో కాపీ 90 పేజీలు, పేజీకి రెండు రూపాయలు. అప్పటికే 720 రూపాయల ప్రింటు తీసి ఉంచాం. సాయంత్రం ఆరింటికి వచ్చి "అక్కా, జర ఇవి మార్చియ్యవా, ఏడున్నరకు ఆఖరి బస్సు" అంది. గ్రాఫులు మార్చాం, పట్టిక మార్చాం. అబ్‌స్ట్రాక్టులో శాతం మార్చడం ఇద్దరం మరిచిపోయాం. ఆ తప్పులో నాకూ భాగం ఉంది. వైవాలో (ప్రాజెక్టు మౌఖిక పరీక్షలో) బయటి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ "ఈ రెండింటిలో ఏది నిజం?" అని అడిగారట. ఆ అమ్మాయి నిలబడిపోయింది. రిపోర్టు సరిచేసి మళ్లీ తెమ్మన్నారు. మళ్లీ నాలుగు కాపీలు, మళ్లీ బైండింగ్, మళ్లీ రెండు రోజుల బస్సు చార్జీలు. ఆమె చేసిన పని మంచిది. అంకెను ఇన్ని చోట్ల చేత్తో టైపు చేయించే పద్ధతి ఆమెను ముంచింది.

అదే పని మేక్‌తో ఎలా జరుగుతుందో చూడండి. డేటా ఫైలు మారితే గ్రాఫు గీసే ప్రోగ్రాం నడవాలని ఒక నియమం. అదే ప్రోగ్రాం శాతాన్ని ఒక చిన్న ఫైలులో రాస్తుంది. రిపోర్టులో ఎక్కడ ఆ శాతం కావాలన్నా లేటెక్ (రాసినదాన్ని పేజీలుగా కూర్చే ప్రోగ్రాం) ఆ ఫైలులోంచే తీసుకుంటుంది. గ్రాఫులు గానీ ఆ చిన్న ఫైలు గానీ మారితే రిపోర్టు మళ్లీ తయారు కావాలని రెండో నియమం. అంకె సరిచేసి 'మేక్' అని కొడితే చాలు, అన్ని చోట్లా ఒకే శాతం పడుతుంది. ఈ మొత్తానికి నేను రాసి చూసిన మేక్‌ఫైల్ 11 లైన్లు.

2. ఇంకో అబ్బాయి సీ భాషలో ప్రాజెక్టు చేశాడు, ఎనిమిది ఫైళ్లు. ఎక్స్‌టర్నల్ వైవాలో "పట్టిక సైజు పెంచి చూపించు" అన్నారు. మిగతా ఫైళ్లు కలిసి వాడుకునే హెడర్ ఫైలులో అంకె మార్చాడు. తొందరలో మెయిన్ ఫైలు ఒక్కటే కంపైల్ చేసి మిగతా పాత ఆబ్జెక్ట్ ఫైళ్లతో (ముందే కంపైల్ అయి ఉన్న ముక్కలతో) లింక్ చేశాడు, అంటే అతికించాడు. కొత్త ముక్కకు పట్టిక ఒక సైజు, పాత ముక్కలకు ఇంకో సైజు. తెర మీద చెత్త అంకెలు వచ్చాయి. "నీ ప్రోగ్రాం నువ్వే రాశావా?" అన్న మాట పడింది. నాలుగేళ్లు చదివి ఆ మాట విన్న పిల్లాడు షాపులో కూర్చుని నాతో చెప్పిన తీరు నేను మరిచిపోలేను. ఏ ఫైలు ఏ హెడర్ మీద ఆధారపడిందో సీ ప్రోగ్రాంలను కంపైల్ చేసే జీసీసీ తనంతట తానే రాసిపెట్టే ఆప్షన్ ఉంది. దాన్ని మేక్‌ఫైల్‌లో కలిపి ఉంటే ఎనిమిది ఫైళ్లలో ఏవి మళ్లీ కంపైల్ కావాలో అవే అయ్యేవి. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ల్యాబ్‌లో నేర్చుకున్నదల్లా ఒకే ఫైలు, ఒకే బటన్.

3. సీడీల సంగతి. రిపోర్టు వెనక అట్టకు కవరు అంటించి అందులో సీడీ పెట్టాలని కొన్ని చోట్ల ఇంకా నియమం ఉంది. విద్యార్థుల ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవే ఉండదు, మా దగ్గరికి వచ్చి రాయించుకుంటారు. ఆ సీడీ ఎవరైనా తెరిచి, అందులోని ప్రోగ్రాంను కంపైల్ చేసి చూస్తారా? చూసినా చాలావాటిలో ఫైళ్ల దారులు ఆ విద్యార్థి డెస్క్‌టాప్ పేరుతోనే ఉంటాయి. మరో కంప్యూటర్లో నడవవు.

4. తెలుగు శాఖల పరిశోధకుల గురించి కూడా చెప్పాలి. ఇది మీ పరిధిలోది కాదని అనుకోవద్దు, ఎందుకంటే వాళ్లకు సాయం చేయగలిగేది మీ విద్యార్థులే. మా దగ్గర పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ ప్రోగ్రాంలో, అను ఫాంట్లలో టైపు అవుతాయి. ఆ పద్ధతిలో కంప్యూటర్ లోపల ఉండేది తెలుగు అక్షరం కాదు. ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యల మీద తెలుగు బొమ్మలు తొడిగిన పాఠం. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. పదం వెతికితే దొరకదు. జనగామ నుంచి వచ్చే ఒక పరిశోధకుడి గ్రంథంలో రెండో అధ్యాయంలో ఒక అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్) చేర్చాల్సి వచ్చింది. ఆ తర్వాతి నంబర్లన్నీ చేత్తో మార్చాం. 300 పేజీల గ్రంథానికి విషయసూచిక కూడా కంటితో చూసి చేత్తో దిద్దాం. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులకు నేను డబ్బు తీసుకున్నాను, తీసుకోక తప్పదు కూడా. కానీ ఆ మనిషికి వచ్చే ఫెలోషిప్ ఎంతో, అది ఎన్ని నెలలు ఆగి వస్తుందో నాకు తెలుసు.

ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండే యూనికోడ్‌లో టైపు చేసి, లేటెక్‌ను జీటెక్‌తో నడిపే జీలేటెక్‌తో తయారు చేస్తే ఈ గొడవ ఉండదు. జొనాథన్ క్యూ 2004లో విడుదల చేసిన జీటెక్ వచ్చాక కంప్యూటర్లో ఉన్న మామూలు యూనికోడ్ ఫాంటునే నేరుగా వాడుకోవచ్చు. పోతన, మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. అధోజ్ఞాపికల నంబర్లు, పేజీ నంబర్లు, విషయసూచిక వాటంతట అవే వస్తాయి. ఒక చిక్కు ఉంది. విషయసూచిక సరిగ్గా రావాలంటే లేటెక్‌ను రెండు మూడుసార్లు నడపాలి, ఆధార గ్రంథాల పట్టిక ఉంటే మధ్యలో ఇంకో ప్రోగ్రాం నడపాలి. ఎన్నిసార్లు నడపాలో లేటెక్‌ఎంకే అనే ప్రోగ్రాం చూసుకుంటుంది. దాన్ని మేక్‌ఫైల్‌లో ఒక లైనుగా పెడితే పరిశోధకుడు గుర్తుపెట్టుకోవాల్సింది 'మేక్' అనే ఒక్క మాటే.

నేను చెప్పేది విని చెప్పడం కాదు. మంథని నుంచి వచ్చి మా మేడ మీద గదిలో అద్దెకున్న ఎంటెక్ తమ్ముడు ఒకరు నాకిది నేర్పారు. ఒక కోచింగ్ సెంటర్ ప్రశ్నల పుస్తకం నా దగ్గర తయారవుతుంది, తెలుగులో, ఇంగ్లిష్‌లో కలిపి 36 అధ్యాయాలు. ముందు ఒక్క ప్రశ్న మారితే మొత్తం మళ్లీ కూర్చేదాన్ని. ఇప్పుడు మారిన అధ్యాయం ఒక్కటే తయారై, మిగతా 35తో కలిసి పుస్తకం అవుతుంది. కొత్త ఫాంటు పెట్టినప్పుడు మాత్రం అన్నీ మళ్లీ చేయాలి. అప్పుడు నాలుగు అధ్యాయాలు ఒకేసారి నడిచేలా 'మేక్ మైనస్ జే నాలుగు' అని కొట్టి చాయ్ తాగి వస్తాను. ముందు అసలు ఏమేం చేయబోతోందో చూడాలంటే 'మైనస్ ఎన్' పెడితే చేయకుండానే చూపిస్తుంది. కొత్తవాళ్లకు ఇది పెద్ద ధైర్యం.

మేక్‌లో ఇబ్బందులు లేవని నేను అనను. కమాండు లైను ముందు తప్పనిసరిగా ట్యాబ్ ఉండాలి. స్పేసులు కొడితే 'మిస్సింగ్ సెపరేటర్' అని ఆగిపోతుంది, కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. నేను మొదటి రోజు గంటన్నర దాని దగ్గరే పోగొట్టుకున్నాను. ఫైలు పేర్లలో ఖాళీలు ఉంటే తికమకపడుతుంది. మన పిల్లలు పెట్టే పేర్లేమో "ఫైనల్ రిపోర్ట్ కొత్తది 2" లాగా ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యమైనది గడియారం. మేక్ నమ్ముకునేది ఫైలు సమయాన్నే. ల్యాబుల్లో పాత కంప్యూటర్ల మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఇంట్లో రాసిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెస్తే అది "రాబోయే కాలం" ఫైలు అవుతుంది. అప్పుడు మేక్ 'క్లాక్ స్క్యూ' అని హెచ్చరిస్తుంది, చేయాల్సిన పని చేయకపోవచ్చు, చేసిందే మళ్లీ చేయనూవచ్చు. ఇవన్నీ ఒక ల్యాబ్ క్లాసులో చెప్పేస్తే అయిపోయే విషయాలు. చెప్పేవాళ్లు లేకపోతే మాత్రం ఒక్కోటి ఒక్కో రాత్రిని తినేస్తుంది.

రెండోసారి వెళ్లినప్పుడు ఒక సార్ "మేక్ పాతబడింది కదమ్మా, ఇప్పుడు సీమేక్, గ్రేడిల్, మేవెన్ వచ్చాయి" అన్నారు. వచ్చాయి, నేర్పితే సంతోషం. కానీ సీమేక్ చివరికి మేక్‌ఫైల్‌నో నింజా (మేక్ లాంటిదే ఇంకో పనిముట్టు) ఫైల్‌నో రాసిపెట్టే పనిముట్టే. జావా ప్రాజెక్టులకు గ్రేడిల్ వాడినా అక్కడా ఆలోచన అదే: దేనికి ఏది కావాలి, ఏది మారింది, ఏం మళ్లీ చేయాలి. మేక్ చిన్నది, లోపల ఏం జరుగుతుందో విద్యార్థి కళ్లతో చూడగలడు. ఇప్పుడు మన పిల్లలకు పాతదీ రాదు, కొత్తదీ రాదు. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో "బిల్డ్ చేసి చూపించు" అంటే కరీంనగర్, మహబూబాబాద్ నుంచి వెళ్లినవాళ్లు రాత్రి నాకే ఫోన్ చేసి అడుగుతున్నారు. వాళ్లు అడగాల్సింది నన్ను కాదు.

కాబట్టి మా విన్నపాలు ఇవి.

1. మొదటి ఏడాది సీ ల్యాబ్‌లో కనీసం మూడు క్లాసులు మేక్‌కు కేటాయించండి. మొదటి క్లాసులో రెండు ఫైళ్ల ప్రోగ్రాం, రెండో క్లాసులో హెడర్ ఆధారాలు, మూడో దాంట్లో డేటా నుంచి గ్రాఫు, గ్రాఫు నుంచి రిపోర్టు. కొత్త పుస్తకం అక్కర్లేదు. గ్నూ మేక్ (మేక్‌లో ఎక్కువగా వాడే రకం) ఉచితం, దాని మాన్యువల్ కూడా ఉచితంగా దొరుకుతుంది.

2. చివరి ఏడాది ప్రాజెక్టుకు మేక్‌ఫైల్ గానీ, ఆ భాషకు తగిన బిల్డ్ ఫైల్ గానీ తప్పనిసరి చేయండి. వైవా రోజు కాలేజీ కంప్యూటర్లో కొత్త ఫోల్డర్‌లో పెట్టి ఒకే కమాండుతో ప్రోగ్రాం, రిపోర్టు రెండూ తయారవుతాయో లేదో చూసి దానికి కొన్ని మార్కులు ఇవ్వండి. ఎవరో చేసిన ప్రాజెక్టును కొనుక్కొచ్చేవాళ్లు కూడా ఇక్కడే బయటపడతారు.

3. రిపోర్టు నమూనా మీరే ఇవ్వండి, విద్యా సంవత్సరం మొదట్లోనే ఇవ్వండి. మార్జిన్, ఫాంటు, ముఖపత్రం అన్నీ ఒకే స్టైల్ ఫైలులో ఉండాలి. ఏప్రిల్‌లో "ఎడమ మార్జిన్ ఒకటిన్నర అంగుళం చేయండి" అని నోటీసు పెడితే ఎంతమంది పేజీ నంబర్లు మళ్లీ దిద్దుకోవాలో ఒక్కసారి ఆలోచించండి. స్టైల్ ఫైలు ఉంటే అది ఒక్క లైను మార్పు.

4. డ్రాఫ్టు దశలో ప్రింటు అడగడం ఆపండి. గైడ్ దిద్దేవరకు పీడీఎఫ్ చాలు. చివరిది ఒక్కసారే ప్రింటు. కాపీలు నాలుగు బదులు రెండు చేయగలిగితే ఇంకా మంచిది.

5. సీడీ నియమం తీసేయండి.

6. ల్యాబ్ కంప్యూటర్లన్నింటిలో గ్నూ మేక్, టెక్స్ లైవ్ (లేటెక్, జీలేటెక్ అన్నీ కలిసి వచ్చే కట్ట), కనీసం రెండు తెలుగు యూనికోడ్ ఫాంట్లు పెట్టించండి. టెక్స్ లైవ్ మొత్తం దించుకోవాలంటే కొన్ని జీబీలు అవుతుంది. ఫోన్ డేటా మీద బతికే విద్యార్థికి అది భారం, కాలేజీ ఒక్కసారి దించి అందరికీ పంచితే సరిపోతుంది. గడియారాల బ్యాటరీలు మార్పించండి. అది నాణెమంత బ్యాటరీ, పెద్ద ధర కాదు.

7. తెలుగులో వచ్చే సిద్ధాంత గ్రంథాలను యూనికోడ్‌లో కూడా తీసుకునేలా మీ విశ్వవిద్యాలయాల్లోని తెలుగు శాఖలతో మాట్లాడండి. మీ విద్యార్థులు ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా తెలుగు గ్రంథ నమూనా, దాని మేక్‌ఫైల్ తయారు చేసి ఇస్తే తర్వాత వచ్చే పరిశోధకులందరికీ పనికొస్తుంది.

వీటిలో నాలుగు, ఐదు అమలైతే నా షాపు ఆదాయం తగ్గుతుంది. మళ్లీ మళ్లీ తీసే ప్రింట్లు, సీడీలు, అర్ధరాత్రి దిద్దుబాట్లే ఆ మూడు నెలల్లో నాకు అన్నం పెట్టేవి. తెలిసే రాస్తున్నాను. ఆఖరి బస్సు పోయి, హనుమకొండ బస్టాండ్‌కు తండ్రిని రమ్మని ఫోన్ చేసే అమ్మాయి దగ్గర నాలుగోసారి ప్రింటు డబ్బులు తీసుకోవడం నా చేతులకు బరువుగా ఉంది.

బోర్డు సమావేశంలో ఈ ఏడు విన్నపాలను చర్చకు పెట్టి, ఏది ఒప్పుకున్నారో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి. వచ్చే విద్యా సంవత్సరం ల్యాబ్ మాన్యువల్ అచ్చుకు వెళ్లకముందే చెబితే మేలు. నేర్పేవాళ్లు లేరనేది అడ్డంకి అయితే ఏ రెండో శనివారమైనా, ఏ కాలేజీ ల్యాబ్ తలుపు తెరిచినా, నా ఖర్చులతో వచ్చి మూడు క్లాసులూ నేనే చెబుతాను. మంథని తమ్ముడు కూడా వస్తానన్నారు.

మిర్చి ధరల ప్రాజెక్టు కోసం రాసిన ఆ 11 లైన్ల మేక్‌ఫైల్ ప్రింటును ఈ లేఖతో పాటు మీ అందరికీ పోస్టులో పంపుతున్నాను. ట్యాబ్ కొట్టాల్సిన ప్రతి చోటా ఎర్ర పెన్నుతో గీత పెట్టాను.

ఇట్లు,
మీ విద్యార్థుల రిపోర్టులు టైపు చేసే
ఒక డీటీపీ ఆపరేటర్,
నయీంనగర్, హనుమకొండ